డీఎం న్యూరాలజీ అయినంక మూవ్‌మెంట్ డిజార్డర్స్ చదివితే వరంగల్‌ల బతుకుదెరువు ఉంటదా?

హనుమకొండ నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు అడిగిన్రు. వాళ్ల బిడ్డ కాకతీయ మెడికల్ కాలేజీల ఎంబీబీఎస్, ఆ తర్వాత ఎండీ జనరల్ మెడిసిన్ చేసి ఇప్పుడు హైదరాబాద్‌ల డీఎం న్యూరాలజీ (ఎండీ తర్వాత మెదడు, నరాల రోగాల మీద చేసే చదువు) రెండో ఏడు చదువుతుంది. డీఎం కాంగనే మూవ్‌మెంట్ డిజార్డర్స్, అంటే ఒంటి కదలికలు తప్పే రోగాల మీద ఫెలోషిప్‌కు (ఆ ఒక్క పనిల ప్రత్యేక శిక్షణకు) కెనడా పోతనంటుందట. "అందరూ స్ట్రోక్ (పక్షవాతం) దిక్కు పొమ్మంటున్రు, అక్కడ క్యాత్‌ల్యాబ్ (రక్తనాళాలల్ల సన్నటి గొట్టం పంపి చికిత్స చేసే గది) ఉంటది, సంపాదన ఉంటది, ఇదేమో వణుకుడు బీమారి చూసుడేనాయె, ఇప్పటికే ముప్పై దాటింది, పెండ్లి కాలె, ఇంకెన్నేండ్లు చదువుతది, రేపు వచ్చి వరంగల్‌ల కూసుంటే పేషంట్లు వస్తరా" అని వారి బాధ.

సార్ నమస్తే. సూటిగ చెప్త, పోనియ్యిండ్రి. కాకపోతే కెనడానా ఇంకో దేశమా అన్నది తర్వాత ముచ్చట. అక్కడ చేతికి ఏం పని నేర్పుతరు, ఎవరి పక్కన కూసోబెట్టి నేర్పుతరు అన్నది ముందు చూడాలె. మీ ఇంట్ల లొల్లి మొత్తం దేశం పేరు మీదనే నడుస్తున్నట్టుంది.

మూవ్‌మెంట్ డిజార్డర్స్ అంటే ఒక్క పార్కిన్సన్స్ కాదు సార్. చెయ్యి వణికే ఎసెన్షియల్ ట్రెమర్, మెడ ఒక దిక్కు తిరిగిపోయే డిస్టోనియా, ముఖం ఒక పక్క గుంజుకపోవుడు, వంశంల వచ్చే హంటింగ్టన్స్, నడకల తూలిపోయే అటాక్సియా, కండ్లు కొట్టుకునుడు, భుజాలు ఎగరేసుడు లాంటి చిన్నపిల్లల టిక్స్, తొందరగ పట్టుకుంటే మందులతో మంచిగయ్యే విల్సన్స్ వ్యాధి, ఇవన్నీ అండ్లనే వస్తయి. ఇందుల రోగాన్ని పట్టేది ఎక్కువ స్కానింగ్ కాదు, కన్ను. పేషంట్ తలుపు తీసుకొని లోపలికి వస్తున్నప్పుడే పరీక్ష మొదలైతది, ఏ చెయ్యి ఊగుతలేదు, మల్లేటప్పుడు ఎన్ని అడుగులేస్తుండు, బొటనవేలు చూపుడువేలు టక టక కొట్టమంటే కొట్టుడు పోను పోను చిన్నగైతుందా, ఒక లైన్ రాయమంటే చివరికొచ్చేసరికి అక్షరాలు చీమలంత అయితున్నయా, ఇవన్నీ చూస్తరు.

ఒక ఉదాహరణ చెప్త. పరకాల దిక్కు నుంచి ఒక పెద్దమనిషి వచ్చిండనుకోండ్రి, నడక నెమ్మదైంది, ముఖంల కళ లేదు, చెయ్యి వణుకుతుంది. పార్కిన్సన్స్ అని రాసి దాని ముఖ్యమైన మందు లెవోడోపా గోలీలు మొదలువెట్టుడు అల్కనే. నేర్చుకున్న డాక్టరైతే ముందుగాల పాత చిట్టీలన్నీ తెమ్మంటది. కండ్లు తిరుగుతున్నయని ఊర్ల ఎవరో రాసిచ్చిన సిన్నరిజిన్ లేకపోతే ఫ్లునరిజిన్ నెలల తరబడి మింగుతుండొచ్చు, వాంతుల మందు మెటోక్లోప్రమైడ్ కూడ గట్లనే, ఇవి అచ్చం పార్కిన్సన్స్ లెక్కనే కనవడేటట్టు చేస్తయి. ఆ గోలీ ఆపితే చాలమందికి కొన్ని నెలలల్ల తగ్గుతది. ఒక్క ప్రశ్న అడిగినందుకు ఒక మనిషికి జీవితాంతం మందులు తప్పుతయి. ఇంకొకాయన దూలగొండి గింజల పొడి తాగుతుంటడు, అండ్ల సహజంగనే లెవోడోపా ఉంటది, అది తెల్వకుండ పైనుంచి గోలీల డోసు పెంచితే ఒళ్లు తిప్పుకుంట కదులుడు ఎక్కువైతది. ఇసొంటి పేషంట్లు ములుగు, భూపాలపల్లి, నర్సంపేట దిక్కు లేరంటరా?

పేషంట్లు వస్తరా అన్నరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019ల ప్రపంచంల 85 లక్షల మందికి పైననే పార్కిన్సన్స్ ఉంది, 25 ఏండ్లల్ల రెండింతలైంది. మనిషి ఆయుష్షు పెరిగినకొద్ది ఇంకా పెరుగుతది. టాంజానియాల హై అనే జిల్లాల ఇంటింటికి పోయి వెతికితే దొరికిన పార్కిన్సన్స్ పేషంట్లల్ల చాలమందికి అప్పటిదాక రోగం పేరే ఎవరు చెప్పలేదు. మన ఊర్లల్ల ముసలితనం, వాతం అని మూలకు కూసోబెట్టినోళ్లను చూస్తే నాకు ఆ స్టడీనే యాదికొస్తది.

పైసల ముచ్చట దాచిపెట్టను. కొత్త పేషంట్‌ను సరిగ్గ చూడాలంటే అర్ధగంట, ముప్పావుగంట పడుతది, స్ట్రోక్ ఇంటర్వెన్షన్ చేసేటోళ్ల సంపాదన మొదటి ఏండ్లల్ల రాదు. గని వరంగల్‌ల కూసుంటే జనరల్ న్యూరాలజీ ఎట్లైనా చూస్తది, ఫిట్స్, పక్షవాతం, తలనొప్పి అన్ని వస్తయి, తిండికి లోటు రాదు. దాని మీద రెండు చేతి పనులు వస్తే ఆమె ప్రాక్టీస్ నిలవడ్తది. ఒకటి బొటాక్స్ ఇంజెక్షన్లు. ముఖం గుంజుడుకు, మెడ డిస్టోనియాకు సుమారు మూడు నెలలు పనిచేస్తది, మళ్ల వచ్చి వేసుకోవాలె, ఏ కండరానికి ఎంత అన్నది పుస్తకం చదివితే రాదు. రెండోది డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) ప్రోగ్రామింగ్. మెదడుల సన్నటి తీగలు పెట్టి ఛాతీల బ్యాటరీ పెడ్తరు, 1987ల ఫ్రాన్స్‌ల గ్రెనోబుల్‌ల బెనబిడ్ మొదలువెట్టిన పద్ధతి, ఆపరేషన్ న్యూరోసర్జన్‌దే అయినా ఆ తర్వాత కరెంట్ ఎంత, తీగ మీద ఏ కాంటాక్ట్ నుంచి ఇయ్యాలె అని ఏండ్ల తరబడి సరిచేసేది న్యూరాలజిస్టే. హైదరాబాద్‌ల ఆపరేషన్ చేయించుకున్న మనోళ్లు సెట్టింగ్ మార్చుకోనీకి ప్రతిసారి మనిషిని తోలుకొని పోతున్రు, ఇక్కడ ఒకరుంటే ఆ కష్టం తప్పుతది.

అందుకే ఏ సెంటర్‌కు అప్లై చేసినా ఇవే అడుగుమనుండ్రి: వారానికి ఎన్ని బొటాక్స్ నా చేతితో వేయిస్తరు, డీబీఎస్ ప్రోగ్రామింగ్ నన్ను చెయ్యనిస్తరా లేక చూడనిస్తరా, ఇంతకుముందు చేసినోళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్రు. ఆ పాత ఫెలోలకు ఫోన్ చేసి మాట్లాడాలె, వెబ్‌సైట్ చూసి నిర్ణయం తీసుకోవద్దు.

మన దేశంల బెంగళూరు నిమ్హాన్స్‌ల, తిరువనంతపురం శ్రీ చిత్రల పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌లు ఉన్నయి, హైదరాబాద్ నిమ్స్‌ల కూడ డీబీఎస్ పని చాలా ఏండ్ల నుంచి నడుస్తుంది. నన్నడిగితే వరంగల్‌కే రావాలని మనసుల ఉంటే ముందు ఇక్కడివి చూడాలె, మన పేషంట్లు, మన భాషలు, మన మందుల ధరలు ఇక్కడనే తెలుస్తయి. కెనడాల టొరంటో, కాల్గరీ, వాంకూవర్ పేరున్న సెంటర్లే, మన డీఎం వాళ్లు పోతనే ఉంటరు, గని కొన్ని ఫెలోషిప్‌లకు జీతం ఉంటది, కొన్నిటికి మనమే ఫండింగ్ చూసుకోవాలె, ఇంకా ఫెలోషిప్ అయినంత మాత్రాన అక్కడ సొంతంగ ప్రాక్టీస్ చేసే లైసెన్స్ రాదు. అమెరికాల ఉండిపోవాలంటే మామూలుగ అక్కడి డాక్టర్ లైసెన్స్ పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ రాసి రెసిడెన్సీ (ఆస్పత్రిల చేసే శిక్షణ) మళ్ల మొదటి నుంచి 4 ఏండ్లు చెయ్యాలె, ఇన్నేండ్లు చదివినంక అది ఆమె ఇష్టంతోని చేస్తనంటేనే, మీరు మాత్రం ఆ దిక్కు నెట్టకుండ్రి.

ఇంకో భయం ఉంటది, మీరు అడగలేదు గని మీ బిడ్డకు ఉండే ఉంటది. వరంగల్‌ల కూసుంటే ఒంటరినైపోత, రీసెర్చ్ ఉండదు అని. లాగోస్‌ల, లిమాల, ఢాకాల కొత్తగ ప్రాక్టీస్ మొదలువెట్టిన న్యూరాలజిస్ట్‌లకు కూడ ఇదే కష్టం, ఊరంతటికి ఆ పని తెలిసినోళ్లు ఒకరిద్దరే ఉంటరు, అనుమానం వస్తే పక్క గదిల అడుగనీకి మనిషి ఉండడు. అందుకే 1985ల మొదలైన అంతర్జాతీయ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీల చేరమనుండ్రి, అండ్ల చిన్న వయసు డాక్టర్లకు వేరే గ్రూప్ ఉంది, ఏటా జరిగే మహాసభల అంతుపట్టని కేసుల వీడియోలు వేసి పెద్ద పెద్దోళ్లతోని రోగం చెప్పిస్తరు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిల చూసిన పేషంట్ వీడియో, వాళ్ల ఒప్పుకోలు రాతపూర్వకంగ తీసుకొని, అక్కడిదాక పంపొచ్చు. 2014ల ఘానా పేషంట్లను ఇటలీ పేషంట్లతోని పోల్చిన స్టడీ ఒకటి వచ్చింది, లెవోడోపా తొందరగ మొదలువెడితే మందు పని తొందరగ అయిపోతదన్న భయం సరికాదు, రోగం ముదిరినకొద్దే ఆ ఇబ్బందులు వస్తయని అండ్ల తేలింది. ఆ ముక్క ఇయ్యాల ప్రపంచమంత వాడుకుంటుంది, మందులు ఆలస్యంగ దొరికిన ఘానా పేషంట్లు లేకపోతే అది తెలిసేదే కాదు.

పెండ్లి సంగతి ఆమెతోనే కూసోని మాట్లాడుండ్రి సార్, ఫెలోషిప్ ఏడాది రెండేండ్ల పనే, దానికోసం ఇది ఆపుడు గని, దీనికోసం అది ఆపుడు గని అవసరం లేదు.

తొందర వేరే దాంట్ల ఉంది. మంచి సెంటర్లల్ల సీట్లు ఏడాది, ఏడాదిన్నర ముందే నిండుతయి. రెండో ఏడు నడుస్తుందన్నరు కద, అంటే ఉత్తరాలు రాసే టైమ్ ఇదే. డీఎం సీటుకు బాండ్ (చదువైనంక ఇన్నేండ్లు సర్కారు పని చేస్తనన్న ఒప్పందం) ఏమన్న ఉందా, ఎప్పటికి అయిపోతది అన్నది కాయితం తీసి చూడుమనుండ్రి, మార్గదర్శి ప్రొఫెసర్‌ను సిఫారసు లెటర్ ఈ నెలల్నే అడుగుమనుండ్రి, థీసిస్ మూవ్‌మెంట్ డిజార్డర్స్ మీద లేకపోతే చిన్న కేసు రిపోర్ట్ అన్న ఒకటి రాసిపెట్టుకోమనుండ్రి. కెనడా, నిమ్హాన్స్, శ్రీ చిత్ర మూడింటికి పెట్టమనుండ్రి, ఏది ముందు పిలిస్తే అప్పుడు మళ్ల నాకు రాయుండ్రి, ఆఫర్ లెటర్ ముందల పెట్టుకొని చూద్దాం.