పెట్టె కొలత స్పీకర్‌ను బట్టే

ప్రశ్న: 12 అంగుళాల సబ్‌వూఫర్ కొన్నాను. కాగితం మీద ఎఫ్‌ఎస్ 28 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.45, వాస్ 80 లీటర్లు అని ఉంది. అంటే 80 లీటర్ల పెట్టె చేయించాలా? పెట్టె చేసే వడ్రంగి ఆచారేమో పైపు పెడితేనే బేస్ వస్తుందంటున్నాడు. మా హాలు చిన్నది.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: వాస్ పెట్టె కొలత కాదు. కోన్‌ను పట్టి ఉంచే సరౌండ్, స్పైడర్‌లకు ఎంత బిగువుందో, అంతే బిగువు ఎన్ని లీటర్ల గాలికి ఉంటుందో చెప్పే అంకె అది. ఎఫ్‌ఎస్ అంటే పెట్టె లేనప్పుడు కోన్ సహజంగా ఊగే స్వరం, అంటే దాని రెజొనెన్స్. క్యూటీఎస్ అంటే ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె, తక్కువైతే త్వరగా ఆగుతుంది.

మీ స్పీకర్‌కు పైపు లేని, పూర్తిగా మూసిన పెట్టే మేలు. పైపు పెట్టెకు క్యూటీఎస్ 0.4 లోపుంటే బాగా కుదురుతుంది. 0.45కి పెట్టె చాలా పెద్దదవుతుంది. పైగా పైపు ఏ స్వరానికి కుదిరిందో (ట్యూనింగ్) దానికంటే కింది స్వరాల దగ్గర కోన్‌ను ఆపే గాలి ఉండదు. వాల్యూమ్ పెంచితే కోన్ వెనకున్న తీగచుట్ట (కాయిల్) వెళ్లి వెనక ప్లేటుకు కొట్టుకుంటుంది.

ఇక లెక్క. మూసిన పెట్టెలో బిగించాక అదే అంకె (దాన్ని క్యూ అందాం) 0.707 వస్తే బేస్ ఎక్కడా ఉబ్బదు. 0.707ను 0.45తో భాగిస్తే 1.57. దాని వర్గం 2.47, అందులో ఒకటి తీస్తే 1.47. 80ని దానితో భాగిస్తే సుమారు 54.5 లీటర్లు. రెజొనెన్స్ 28 నుంచి 44 హెర్ట్జ్‌కు పెరుగుతుంది. అంతకన్నా కింద తగ్గే బేస్‌ను చిన్న హాలు కొంత పూడుస్తుంది. 80 లీటర్లు చేసినా కొంప మునగదు, క్యూ 0.64 అవుతుంది, అంతే. అసలు చెడేది చిన్న పెట్టెతో: 25 లీటర్లలో క్యూ 0.92, రెజొనెన్స్ 57 హెర్ట్జ్. ఏ పాట పెట్టినా ఒకటే "బుమ్ బుమ్".

స్పీకర్ అయస్కాంతానికి, లోపలి అడ్డబద్దలకు కలిపి 4.5 లీటర్లు చేర్చి 59 లీటర్లు పెట్టుకోండి. లోపలి కొలతలు: ఎత్తు 45, వెడల్పు 38, లోతు 34.5 సెంటీమీటర్లు. 18 ఎంఎం ప్లైవుడ్ 4×4 అడుగుల ముక్క చాలు, ముందు పలకను రెండు పొరలు వేసినా సరిపోతుంది. 12 ఎంఎం వాడొద్దు, పలకలే ఊగుతాయి. రంధ్రం కొలత కాగితం చూసి కాదు, స్పీకర్‌ను కొలిచి గీయించండి.

మూలలన్నిటికీ ఫెవికాల్, స్క్రూలు రెండూ వేయించి, లోపలి అంచుల వెంట సిలికాన్ పూయించండి. వైరు దూరే రంధ్రాన్నీ మూయాలి. స్పీకర్ అంచు కింద ఫోమ్ పట్టీ తప్పనిసరి. అన్నీ బిగించాక, యాంప్ ఆపి, కోన్‌ను రెండు చేతులతో సమానంగా, మెల్లగా నొక్కి వదలండి. నిదానంగా వెనక్కొస్తే పెట్టె బిగువు. చటుక్కున వచ్చిందంటే ఎక్కడో గాలి పోతోంది. సబ్బు నురుగు రాసి పాట పెడితే ఆ చోట బుడగలు లేస్తాయి.

ప్రశ్న: పాత స్పీకర్, కాగితాల్లేవు. ఎఫ్‌ఎస్ ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: స్పీకర్‌ను పెట్టె లేకుండా గాలిలో నిలబెట్టి, యాంప్‌కూ దానికీ మధ్య 1000 ఓమ్‌ల రెసిస్టర్ వరసలో కలపండి. ఫోన్‌లో టోన్ జెనరేటర్ యాప్‌తో 15 హెర్ట్జ్ నుంచి ఒక్కో హెర్ట్జ్ పెంచుతూ, స్పీకర్ టెర్మినళ్ల మీద మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి చూడండి. రీడింగ్ ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువొస్తే అదే ఎఫ్‌ఎస్. ఆ తర్వాత కొలత తెలిసిన మూసిన పెట్టెలో బిగించి మళ్లీ చూడండి. కొత్త అంకెను పాతదానితో భాగించి, వర్గం చేసి, ఒకటి తీసి, పెట్టె లీటర్లతో గుణిస్తే వాస్ ఉజ్జాయింపుగా వస్తుంది.