ఆదివారం సాయంత్రం దిగులు గురించి

విశాఖ రుషికొండలో ఐటీ ఉద్యోగం, వారమంతా మరబొమ్మలా, శని ఆదివారాలే బతికినట్టు ఉంటోంది, ఆదివారం సాయంత్రానికే టెన్షన్ పట్టుకుంటోంది అన్నారు. ముందు మీ నిద్ర చూసుకోండి. శనివారం రాత్రి రెండింటికి పడుకుని పదకొండింటికి లేస్తే ఆదివారం రాత్రి కళ్లు మూతపడవు. సోమవారం ఆరింటికి అలారం మోగినా ఒంటికి అది నడిరాత్రే. దీన్నే సోషల్ జెట్‌లాగ్ అంటారు, 2006లో జర్మనీ పరిశోధకులు పెట్టిన పేరు. సెలవు రోజైనా లేచే టైము గంటకు మించి జరపకండి.

ఇక అరకు, లంబసింగి అంటూ సరదా అంతా వారాంతానికే మూటగట్టకండి (ఆ ఘాట్ రోడ్డు ట్రాఫిక్‌లో సగం సెలవు ఎలాగూ పోతుంది). బుధవారం ఆఫీసు నుంచి వస్తూ బీచ్ రోడ్డులో దిగి ముంత మసాలా తినండి. ఉల్లిపాయ, టమాటా తరిగి, నిమ్మకాయ పిండి, చెంచాతో టకటకా కలిపి ఇస్తాడే, అదే. ఆఫీసు గ్రూపు మెసేజీలు చూస్తూ తింటే మాత్రం లెక్కలోకి రాదు.

శనివారం కూడా ఏదీ రుచించకుండా రెండు వారాలు గడిస్తే అది ఉద్యోగం మీద విసుగు ఒక్కటే కాకపోవచ్చు. డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.