బి2 బంటు జాగ్రత్త

అమ్మలూ,

ఈసారి చదరంగం రేటింగ్ టోర్నమెంటులో తెల్లపావులతో లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరస) ఆడతావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఐదో ఎత్తుకే గుర్రాన్ని బలిచ్చే పిల్లకు ఇంత నిదానం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని మురిసిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

డి4 గడికి బంటు, ఎఫ్4కి బిషప్, ఆ తర్వాతే ఇ3కి బంటు. లేకపోతే బిషప్ లోపలే ఇరుక్కుపోతుంది. హెచ్3కి బంటు వేసి ఉంచితే, గుర్రం హెచ్5కి వచ్చి తరిమినా బిషప్ హెచ్2లో దాక్కుంటుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా టెన్షనంతా బి2 బంటు గురించి. బిషప్ ఎఫ్4కి వెళ్లాక దానికి కాపలా ఉండదు. మీ నాన్న కాలేజీ రోజుల్లో విజయవాడలో ఆడిన ఆట ఒకటుంది. అవతలివాడు సి5 వేశాడు, మనవాడు సి3. నల్లమంత్రి బి6కి వస్తే మనవాడు తన మంత్రిని బి3లో ఎదురుపెట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. వాడు బంటును సి4కి నెట్టాడు, మన మంత్రి సి2కి తగ్గింది. అప్పుడు వాడు బిషప్‌ను తెచ్చి ఎఫ్5లో పెట్టాడు, ఏ కాపలా లేకుండా. మీ నాన్న చప్పున మంత్రితో తినేశాడు. వాడి మంత్రి వచ్చి బి2 బంటును కొట్టింది. బి1 గుర్రం ఇంకా కదల్లేదు, ఇక మూలనున్న ఏనుగు ఎటు పోతుంది? ఆ 8వ ఎత్తులో బిషప్‌ను తినే బదులు మంత్రిని సి1కి జరిపి ఉంటే సరిపోయేది.

నీ చెయ్యీ మీ నాన్న చెయ్యిలాంటిదే. ఎదుటివాడు పావు వదలకముందే నీ చెయ్యి బోర్డు మీదుంటుంది. లండన్‌లో ఎత్తులన్నీ ముందే తెలిసినట్టుంటాయి, అందుకే ఆ జబ్బు ఇంకా ముదురుతుంది. వాడు జి6 వేసినా బిషప్‌ను అలవాటుగా డి3లోనే పెట్టకు. అక్కణ్ణుంచి జి6 బంటును చూస్తూ కూర్చోవడం తప్ప దానికి పనుండదు, ఇ2 మేలు. తిడుతున్నాననుకోకు తల్లీ, నీ చేతి చురుకు చూస్తే నాకు ముచ్చటే.

ముసలోళ్ల ఓపెనింగ్ అని ఎవరైనా నవ్వితే నవ్వనీ. 1922 లండన్ టోర్నమెంటు నాటి పేరే, కాదనను. కానీ 2023లో అస్తానాలో, ప్రపంచ ఛాంపియన్‌షిప్ 6వ గేమ్‌లో డింగ్ లిరెన్ నెపోమ్నియాషిని ఓడించింది దీంతోనే.

ఈ ఉత్తరం చదివి మీ నాన్న ఆ 8వ ఎత్తు సంగతి అబద్ధమంటాడు. స్కోర్ షీటు నా దగ్గరే ఉందని చెప్పు.

మీ పెదనాన్న