హాల్వెల్ స్తంభం: 146 లెక్క నిలుస్తుందా?

ప్రశ్న: కోల్‌కతా సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో ‘బ్లాక్ హోల్’ అనే చెరసాల గది మృతుల పాలరాతి స్తంభం చూశాం. బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా నిజంగానే 123 మందిని ఊపిరాడకుండా చంపించాడా? చర్చిలో ఆ స్తంభం ఎందుకుంది?

జవాబు: ఆ రాత్రి కొందరు చనిపోయిన మాట నిజం. 123 మంది అన్నది మాత్రం నమ్మదగ్గ లెక్క కాదు.

1756 జూన్ 20న ఈస్టిండియా కంపెనీ కోట ఫోర్ట్ విలియం నవాబు వశమైంది. గవర్నర్ డ్రేక్ అప్పటికే ఓడెక్కి వెళ్లిపోయాడు. పట్టుబడిన కంపెనీ అధికారి హాల్వెల్ మరుసటి ఏడాది రాసిన ఉత్తరంలో 146 మందిని ఒకే గదిలో కుక్కారనీ, తెల్లారేసరికి 23 మందే మిగిలారనీ చెప్పాడు. గది కొలత సుమారు 18 అడుగులకు 14 అడుగుల 10 అంగుళాలు. అంటే 267 చదరపు అడుగులు. భాగించి చూడండి, మనిషికి రెండు చదరపు అడుగులైనా రావు! తర్వాతి వాళ్లు చాలామంది ఈ ఉత్తరాన్నే ఎత్తి రాశారు. అలాంటి పుస్తకాలు ఎన్ని ఉన్నా సాక్ష్యం ఒక్కటే, అదీ తన పాత్రను గొప్పగా చూపించుకోవాల్సిన అవసరం ఉన్న మనిషిది. పోరులో పడిపోయినవాళ్లు కూడా గది మృతుల్లో కలిసిపోయి ఉండొచ్చు. 1959లో చరిత్రకారుడు బ్రిజేన్ గుప్తా వేసిన అంచనా ప్రకారం గదిలో ఉన్నది 64 మంది, బతికింది 21 మంది. 43 చావులు తక్కువేం కాదు. వాటిని పూర్తిగా కొట్టిపారేయడం కూడా చరిత్రకు అన్యాయమే.

ఇక నవాబు సంగతి. ఆ రాత్రికి కాపలాలో ఉంచమన్నదే ఆయన ఆజ్ఞ అయి ఉంటుందనీ, జరిగింది జమాదార్ల (కింది స్థాయి సైనికాధికారుల) కక్ష అనీ హాల్వెలే రాశాడు. ఈ ముక్కను పాఠ్యపుస్తకాలు వదిలేశాయి.

హాల్వెల్ కట్టించిన ఇటుక స్తంభాన్ని 1821లో తీసేశారు. 1902లో వైస్రాయ్ కర్జన్ దాన్ని పాలరాతితో డల్హౌసీ స్క్వేర్ మూల తిరిగి నిలబెట్టించాడు. బెంగాలీలకు అది నగరం నడిబొడ్డున రోజూ కనిపించే నింద. 1940లో దాన్ని తొలగించాలని సుభాష్ చంద్రబోస్ ఉద్యమం తలపెట్టాడు. జూలై 3న ఊరేగింపు అనగా ముందురోజే అరెస్టయ్యాడు. హిందూ ముస్లిం యువకులు కలిసి పోరాడారు. చివరికి ప్రభుత్వం ఆ ఏడాదే స్తంభాన్ని చర్చి ఆవరణకు తరలించింది.

ప్రశ్న: అసలు గది ఇప్పుడుందా?

జవాబు: లేదు. పాత కోట ఉన్న చోటే ఇప్పుడు జనరల్ పోస్టాఫీసు ఉంది. కోట హద్దులకు గుర్తుగా కర్జన్ కాలంలో వేయించిన ఇత్తడి గీతల కోసం అక్కడి మెట్ల దగ్గర చూడండి.