నా గొంతు పడుతుందని నోరు ముయ్యమన్నారు

ప్రశ్న: మాది బరంపురం. ఊరు ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే. నాకు 38 ఏళ్లు, పెళ్లయి పదిహేనేళ్లు. మావారికి బట్టల షాపు ఉంది. మూడు వారాల క్రితం మా పెళ్లిరోజుకి విశాఖపట్నంలో ఒక సినిమా గాయకుడి లైవ్ కచేరీకి తీసుకెళ్లారు. ఆ గొంతంటే నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం. రెండున్నర గంటలూ ఆయన చెయ్యెత్తి ఫోన్‌లో తీస్తూనే ఉన్నారు. వెనకాయన రెండుసార్లు చెయ్యి దించమన్నాడు, మాటామాటా పెరిగింది. అదీ సరే అనుకున్నాను. నాకిష్టమైన పాట వచ్చినప్పుడు నేనూ గొంతు కలిపాను. ఆయన నావైపు తిరిగి "ష్, నోరు ముయ్యి, నీ గొంతు పడుతోంది" అన్నారు. ఇంటికొచ్చాక ఆ ముక్క కట్ చేసి మిగతాది స్టేటస్ పెట్టుకున్నారు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, రాలేకపోయారు. ఆవిడ కోసమే తీశానంటారు. ఆ రోజు నుంచి నేను వంటింట్లో కూడా పాడట్లేదు. ఆయన గమనించనే లేదు. మా చెల్లెలికి చెబితే "ఇంత చిన్నదానికా" అంది. వచ్చే నెల ఊళ్లో మనవాళ్ల సంగీత కార్యక్రమం ఉంది. ఫోన్ ఇంట్లో పెట్టి వస్తేనే వస్తానని చెప్పేద్దామనుకుంటున్నాను. అది తప్పా?
– ఒక సోదరి, బరంపురం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకూ మీ చెల్లెలిలాగే అనిపించింది. ఫోన్ గొడవ ఏ ఇంట్లో లేదు? రెండోసారి చదువుతుంటే "వంటింట్లో కూడా పాడట్లేదు" అన్న దగ్గర ఆగిపోయాను. రోజూ పోపు వేసేటప్పుడు వినిపించే పాట ఆగిపోయి మూడు వారాలైతే, అది చిన్నదేం కాదు.

ముందు మీరడిగినదానికి జవాబు చెప్పేస్తాను. ఫోన్ ఇంట్లో పెట్టి రావాలని షరతు పెట్టకండి. ఇంట్లో నడవలేని పెద్దావిడ ఉన్నారు. ఏదైనా అవసరమొస్తే ఆవిడ ఎవరికి ఫోన్ చేస్తారు? అదొక్కటే కాదు. షరతుకి తలొగ్గి వచ్చిన మగవాడు మూతి ముడుచుకుని కూర్చుంటాడు, మీరు స్టేజీ మానేసి ఆ మూతి చూస్తూ కూర్చుంటారు. ఆ టికెట్టు డబ్బులు దండగ.

మీవారి వైపు నుంచి కూడా కాస్త ఆలోచించాను. నేనుండేది పర్లాకిమిడిలో. సరిహద్దుకి ఇవతల ఉన్న మనకి తెలుగు పాటని పెద్ద స్టేజీ మీద వినాలంటే రైలెక్కాలి. బరంపురం నుంచి విశాఖకి దాదాపు నాలుగు గంటలైనా పడుతుంది. అంత దూరం వెళ్లి విన్నది షాపుకి వచ్చే ఒడియా మిత్రులకీ, ఊళ్లో మనవాళ్లకీ చూపించుకోవాలనిపిస్తుంది. అందులో డాబు ఉంది, కొంచెం ముచ్చటా ఉంది. దాచుకోవడమే తప్పని నేననను. మా ఊళ్లో టీచరుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల నోట విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టారు కాబట్టే ఆ భాషకి నిఘంటువు వచ్చింది. అయితే ఆయన రాసుకున్నది అప్పటిదాకా ఎవరూ రాయనిది. మీవారు తీసినది ఆ రాత్రి కనీసం ఐదొందల మంది తీసి ఉంటారు.

అసలు ఆ ఫోన్‌లో ఏం పడిందో చూద్దాం. ఇది మీవారికి చదివి వినిపించినా పర్లేదు. ఫోన్‌లో ఉండే మైకు మనిషి మాట వినడానికి చేసినది. కచేరీలో స్పీకర్ల హోరు సామాన్యంగా ఉండదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇలాంటి చోట్ల సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని చెప్పాల్సి వచ్చింది. ఆ హోరుకి చిన్న మైకు తట్టుకోలేదు. డప్పు పగిలినట్టు, పాట నీళ్లలో మునిగినట్టు వినిపిస్తుంది. బొమ్మ సంగతీ అంతే. దూరంగా ఉన్న గాయకుణ్ణి జూమ్ చేస్తే తెల్ల చొక్కా ఒకటి కదులుతూ కనిపిస్తుంది. మామూలు హెచ్‌డీలో నిమిషానికి 60 నుంచి 130 ఎంబీ లెక్కేసుకున్నా, రెండున్నర గంటలకి 9 నుంచి 20 జీబీ దాకా అవుతుంది. ఇంటికొచ్చాక అంతా కూర్చుని చూసినవాళ్లు నాకైతే ఇంతవరకు తగల్లేదు.

(నేనేం తక్కువ తినలేదు లెండి. మా చెల్లెలి మనవరాలి నాట్యం తీస్తుంటే పదిహేడో నిమిషంలో ఫోన్ నిండిపోయింది. ఆ పిల్ల తిల్లానా ఆడుతుంటే నేను తల వంచుకుని గుడ్ మార్నింగ్ బొమ్మలు డిలీట్ చేస్తూ కూర్చున్నాను. తిల్లానా ఎలా ఉందమ్మమ్మా అని అడిగితే బ్రహ్మాండం అని అబద్ధమాడాను.)

ఫోన్‌కి ఒక అడుగు దూరంలో ఉన్నది మీ నోరు. అందుకే స్టేజీ మీది గొంతు కంటే మీ గొంతు స్పష్టంగా పడింది. మీవారికి అది చెత్తలా వినిపించింది. నన్నడిగితే ఆ రెండున్నర గంటల్లో ఉంచుకోదగ్గది ఆ ముక్కే. ఆ గాయకుడి పాట ఎప్పుడు కావాలన్నా, స్టూడియోలో పాడినది, ఇంతకి పదింతలు బాగా దొరుకుతుంది. పెళ్లిరోజున, విశాఖలో, పక్కన కూర్చుని మీరు పాడిన పాట ఇంకెక్కడా దొరకదు. ఆ ఐదొందల ఫోన్లలో దేన్లోనూ లేనిది ఆయన ఫోన్‌లో ఒకటి పడితే, దాన్ని పని కట్టుకుని కోసేశారు.

జ్ఞాపకం సంగతి కూడా ఉంది. 2014లో లిండా హెంకెల్ అనే మనస్తత్వవేత్త, మ్యూజియంలో వస్తువుల్ని ఫొటో తీసిన వాళ్లకి, ఊరికే చూసిన వాళ్ల కంటే అవి తక్కువ గుర్తున్నాయని రాశారు. 2017లో వచ్చిన మరో పరిశోధన కాస్త వేరే మాట చెప్పింది: తమంతట తాము ఫొటోలు తీసుకున్న వాళ్లకి చూసింది బాగానే గుర్తుంది, విన్నది మాత్రం తగ్గింది. రెండూ ఫొటోల గురించే, కచేరీ వీడియో గురించి కాదు. కానీ మనం కచేరీకి వెళ్లేది వినడానికే కదా. మీవారిని ఓసారి సరదాగా అడిగి చూడండి, మూడో పాట ఏమిటో. గ్యాలరీ తెరవకుండా చెప్పాలి.

వెనకాయనతో గొడవలో మాత్రం తప్పు మీవారిదే, ఇందులో నాకు అనుమానం లేదు. మీ బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో పులి వేషాన్ని వీడియో తీస్తే ఎవరూ ఏమీ అనరు. వీధి అందరిదీ, వేషమేమో నలుగురూ చూడటానికే కట్టినది, ముందుకు తోసుకుని చూసుకోవచ్చు. హాల్లో కుర్చీకి కదిలే వీల్లేదు. చీకట్లో ఎత్తిన ఫోన్ వెనకవాడి కళ్లలో పెట్టిన దీపం. పాడేవాళ్లకీ అది ఇబ్బందే. 2014లో లండన్‌లో కేట్ బుష్ అనే గాయని 22 కచేరీలు చేసినప్పుడు, ఫోన్లు తీయొద్దని, తాను కెమెరాల ముందు కాకుండా మనుషుల ముందు పాడాలనుకుంటున్నానని ముందే కోరింది.

చట్టం గురించి మీరు అడగలేదు, కానీ స్టేటస్ ఉంది కాబట్టి చెప్పాలి. మన 1957 కాపీరైట్ చట్టంలో ప్రదర్శన ఇచ్చేవాళ్ల హక్కులని ఒక భాగం ఉంది. ఆ ప్రదర్శకుల జాబితాలో గాయకుడితోపాటు పాములవాణ్ణి కూడా రాశారు, నాకు భలే నచ్చింది. ప్రదర్శనని రికార్డు చేయనిచ్చే హక్కు వాళ్లది. సొంతానికి వాడుకోవడానికి తీసుకుంటే 39వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అత్తయ్యకి ఇంట్లో చూపించడం దాని కింద సరిపోతుందనే నేననుకుంటాను. ఊరందరికీ స్టేటస్ పెట్టి అది కూడా సొంతానికే అంటే చెల్లడం కష్టం. హాలు వాళ్లు తీయొద్దని ముందే రాసి ఉంటే ఇక మాట్లాడేదే లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. మీ విషయం వేరు. మీకు బాధ కలిగించింది ఫోన్ కాదు, "నోరు ముయ్యి" అన్న మాట. ఇప్పుడు మీరు ఫోన్ మానమని అడిగితే, ఆయన ఫోన్ మానేసి ఆ మాటని అలాగే వదిలేస్తారు. మీరు చెల్లెలికి చెప్పారు, నాకు రాశారు. చెప్పాల్సిన మనిషికి మాత్రం చెప్పలేదు. ఆయన గమనించలేదని మీ కోపం. షాపు నుంచి రాత్రి తొమ్మిదింటికి వచ్చే మనిషికి పగలు వంటింట్లో పాట ఆగిందని ఎలా తెలుస్తుంది? మీరే చెప్పాలి. అత్తయ్య ముందు వద్దు. ఆవిడ పేరు ఆయన ఎలాగూ అడ్డం పెట్టుకున్నారు, ఆవిడ ముందు ఎత్తితే ఆవిడ కూడా ఇరుక్కుంటారు. "మీకు ఫోన్ పిచ్చి" అని మొదలుపెట్టొద్దు. మొగుడూ పెళ్లాల గొడవల్లో పిచ్చి అన్న మాట పడితే ఆ రాత్రికి ఇక ఏదీ తేలదు. "ఆ రోజు మీరు అలా అన్నాక నాకు గొంతు పెగలట్లేదు" అనండి చాలు. తర్వాత మీరు మాట్లాడకండి. ఆయన్ని మాట్లాడనివ్వండి. మొదట "నేనేమన్నాను?" అంటారు. పోనివ్వండి, ఆయనకి గుర్తుండకపోవచ్చు, అప్పుడు ఆయన దృష్టంతా తెర మీద ఉంది.

వచ్చే నెల కార్యక్రమానికి ఇద్దరూ వెళ్లండి. ఒక్క పాట తీసుకోమనండి, అది ఏ పాటో అత్తయ్యని అడిగి వెళ్లండి. ఆ పాటకి ఫోన్ గుండెల దగ్గర పట్టుకుంటే చాలు, తల మీదికి ఎత్తక్కర్లేదు. తెర వెలుతురు తగ్గించి, ఫ్లాష్ ఆపాలి. మిగతాసేపు జేబులో. ఊళ్లోవాళ్ల కార్యక్రమం కాబట్టి, తీయొచ్చా అని నిర్వాహకులని ఓ మాట అడగడం కూడా తేలికే. తీసిన పాటని ఆ రాత్రే ముగ్గురూ కూర్చుని చూడాలి. రేపు చూద్దాం అన్న వీడియో ఇక చూసినట్టే.

మీరు ఏ పాటకి కావాలంటే ఆ పాటకి గొంతు కలపండి. ఫోన్ నడుస్తుంటే కూడా. (కచేరీ మొత్తం పాడితే మాత్రం ఈసారి వెనకాయన మీతో గొడవపడతాడు, అందులో ఆయనదే న్యాయం.)

ఒక తొందర పని ఉంది. అందుకే ఈ జవాబుని అచ్చుకి ముందే మీకు పంపుతున్నాను. ఆయన స్టేటస్ కోసం వేరే కాపీ కట్ చేసి ఉంటే అసలు వీడియో ఫోన్‌లో అలాగే ఉంటుంది. అసలుదాన్నే డిలీట్ చేసి ఉంటే చెత్తబుట్టలో వెతకాలి. ఐఫోన్ అయితే 30 రోజులు అందులో ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు. మూడు వారాలు ఇప్పటికే గడిచాయి, ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయనుకోండి. ఈ రాత్రే వెతకమనండి. దొరికితే ముందు అత్తయ్యకి వినిపించండి, ఆవిడ కోసమే తీశానన్నారుగా.