బరంపురం పాత ఊళ్ళో కారు లేకుండా కాపురం సాగుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: విశాఖ నుంచి ఒడిశాలోని బరంపురం బదిలీ అయింది, వెంట మీ ఆవిడ, ఒకటో తరగతి పాప, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు. గిరి రోడ్డు దగ్గర సందులో ఒక ఇల్లు దొరికింది గానీ కారు పెట్టుకునే చోటు లేదు. అదే అద్దెకి హైవే దగ్గర అంబపువా వైపు పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్ వస్తోంది. ఏది తీసుకోవాలి, కారు అమ్మేయొచ్చా అని అడిగారు.

గిరి రోడ్డు ఇల్లు తీసుకోండి. కారు సంగతి తర్వాత చూద్దాం.

మాది సోంపేట. పెళ్ళయ్యాక ఈ ఊరొచ్చాను, పెద్ద బజారు దగ్గర్లో ఒక సందులో ఉంటాం. మాకు కారు లేదు, ఒక స్కూటీ ఉంది. దాన్ని పొద్దున్నే మా ఆయన ఆఫీసుకి తీసుకుపోతారు. మిగతా అందరం నడకే, అవసరమైతే ఆటో. కొనలేక ఆగలేదు. కొందామని రెండుసార్లు ఇంట్లో మాట వచ్చింది, రెండుసార్లూ వద్దన్నది మా అత్తగారే.

మీకు సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది "పెద్దావిడ ఉన్నారు కదా, కారు ఉండాల్సిందే" అనే అంటారు. నేను సరిగ్గా ఆ పెద్దావిడ కోసమే ఊరి మధ్యలో ఉండమంటున్నాను. కారున్న ఇంట్లో కూడా దాన్ని నడిపేది ఒక్కరే. మీరు ఆఫీసుకి వెళ్ళాక అంబపువాలో మీ ఆవిడ కొత్తిమీర కట్టకి, అమ్మగారు బీపీ మాత్రకి, పాప ఒక పెన్సిలుకి మీ కోసం సాయంత్రం దాకా కాచుకోవాలి, లేదా ఫోన్‌లో ఆర్డరు పెట్టుకోవాలి. సరుకు వస్తుంది. మనిషి మాత్రం గుమ్మం దాటదు.

మా అత్తగారికి డెబ్బై దాటాయి, ఆవిడకీ మోకాళ్ళు పోయాయి. పొద్దున్న ఎండ ముదరకముందే చేతిసంచి పట్టుకుని బయల్దేరతారు. సందు చివర గుడి దగ్గర ఓ క్షణం ఆగి దండం పెట్టుకుంటారు. తర్వాత కూరలామె దగ్గరికి. ఆమె ఒడియా మనిషి. ఈవిడ "పొటొళొ కెతే?" (పర్వల్ కాయలు ఎంత?) అని ఒడియాలో అడుగుతారు, ఆమె "నలభై, ఇవాళే వచ్చాయమ్మా" అని తెలుగులో చెబుతుంది. ఒకరి భాష ఒకరు మాట్లాడుకుంటూ బేరం ఆడతారు. తీసుకున్న కాయలన్నీ ఈవిడ గిల్లి చూస్తారు, ఆమె ఏమీ అనదు. అక్కణ్ణుంచి మందుల షాపు. దాని పక్కన ఒక పాత ఇంటి అరుగు మీద కూర్చుంటారు. ఆ ఇంటివాళ్ళు బంధువులేం కారు, రోజూ కూర్చుంటారు గనక మంచినీళ్ళు ఇస్తారు. కాసేపు మోకాళ్ళకి విశ్రాంతి దొరికాక మళ్ళీ లేచి ఇంటికి వస్తారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నడవలేరని అనుకుంటాం. ఒక్క బిగిని నడవలేరు, అంతే. ఇరవై అడుగులకో అరుగు, తెలిసిన దుకాణం ఉంటే నడుస్తారు. హైవే పక్కన పెద్దావిడ కూర్చోవడానికి ఏముంటుంది?

మీ ఆవిడ గురించి కూడా చెబుతాను. నేను వచ్చిన కొత్తలో ఒడియా ఒక్క ముక్క రాదు. భాష నేర్పింది ఈ నడకే. భాపూర్ బజార్లో బట్టల కొట్టువాడు, అప్పడాలూ ఊరగాయలూ అమ్మేవాళ్ళు, సాయంత్రం ఘుగుని (బఠాణీల చిరుతిండి) బండి దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు, వీళ్ళతో మాట్లాడుతూనే వచ్చింది. ఈ ఊళ్ళో తెలుగు తెలిసినవాళ్ళు అడుగడుగునా ఉంటారు గనక భయం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకు ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరి గారు పుట్టిన ఊరు ఇది.

పాత ఊళ్ళో నడక ఎందుకు సాధ్యమో ఇళ్ళు చూస్తే తెలుస్తుంది. ఇక్కడి ఖల్లికోట కాలేజీ బడిగా మొదలైంది 1856లో, మునిసిపాలిటీ వచ్చింది 1867లో. అంటే వీధులు కారు పుట్టకముందువి. ఇళ్ళకి ముందు భాగం ఇరుకు, లోపలికి పొడుగు, ఒకరి గోడే ఇంకొకరి గోడ. చిన్న సందులో అన్ని కుటుంబాలు ఉండబట్టే ప్రతి మలుపులోనూ ఒక కిరాణా కొట్టు, ఒక టిఫిన్ బండి, ఒక ఇస్త్రీ అతను బతకగలుగుతున్నారు. మధ్యలో కార్ల కోసం ఖాళీలు వదిలిన చోట ఆ మాత్రం బేరం ఉండదు, దుకాణం నిలవదు. పార్కింగ్ లేకపోవడం మీ ఇంటికి లోపంగా కనిపిస్తోంది. నిజానికి మీ అమ్మగారికి మందుల షాపు దగ్గరగా ఉండటానికి కారణం కూడా అదే.

ఇబ్బందులు లేవని చెప్పను. చాలాచోట్ల ఫుట్‌పాత్ ఉండదు, ఉన్నచోట మోటారు సైకిళ్ళు పెట్టి ఉంటాయి. కాలవల మీద పలకలు కొన్నిచోట్ల విరిగి ఉంటాయి. వానాకాలంలో నీళ్ళు నిండితే ఏది పలకో ఏది గోతో తెలియదు, గోడ వారగా కాక వీధి మధ్య నుంచి నడవాలి. ఆంబోతులు వీధి మధ్యలో పడుకుంటాయి, వాటి దారి వాటికి వదిలేయడమే. ఏప్రిల్, మే నెలల్లో ఉక్క మీకు విశాఖ వల్ల అలవాటే. పదకొండు నుంచి నాలుగు దాకా బయటి పనులు పెట్టుకోకండి. పాపకి బ్యాగు కంటే ముందు మంచి గొడుగు, అమ్మగారికి జారని చెప్పులు కొనండి. గ్యాస్ సిలిండరూ బియ్యం బస్తా ఇంటికే వస్తాయి. బీరువాలాంటివి ట్రాలీ రిక్షా మీద తెప్పించుకోవచ్చు.

ఆస్పత్రి విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఊళ్ళోనే ఉంది, ఆటోలో చిన్న ప్రయాణం. 108 ఇక్కడ కూడా పనిచేస్తుంది. కానీ కొన్ని సందుల్లోకి అంబులెన్స్ రాదు, కొన్నిట్లోకి ఆటో కూడా కష్టంగా వస్తుంది. ఇల్లు ఖాయం చేసేముందు ఒక ఆటో మాట్లాడుకుని ఎక్కడిదాకా వస్తుందో దగ్గరుండి చూడండి. గుమ్మం దాకా ఆటో రాని ఇల్లయితే ఎంత బాగున్నా వదిలేయండి. పడకగది మేడ మీద కాకుండా కింద ఉండేలా చూసుకోండి. రాత్రిపూట వచ్చే ఆటోవాళ్ళ నంబర్లు ఒకటి కాదు, మూడు నాలుగు దగ్గర పెట్టుకోండి. మాకైతే వీధిలో ఇద్దరు ఉన్నారు, అర్ధరాత్రి పిలిచినా వస్తారు.

ఇక్కడి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, రెండేళ్ళకోసారి చైత్రంలో దేశిబెహెరా వీధి కేంద్రంగా జరుగుతుంది. వేషాలు కట్టినవాళ్ళు, రథాలు, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే జనం. ఆ సాయంత్రాల్లో పాత ఊళ్ళో కారు తీయడం మర్చిపోవాలి. మీ పాప మాత్రం ఆ రోజులు జన్మలో మర్చిపోదు.

2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. తెల్లారి చూస్తే ఎక్కడ చూసినా చెట్లు, స్తంభాలు అడ్డంగా పడి ఉన్నాయి. కార్లున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకటే అయిపోయారు. కొవ్వొత్తులు, పాలపొడి, అగ్గిపెట్టె నడిచి తెచ్చుకోగలిగిన దూరంలో ఉండబట్టి మా ఇల్లు గడిచింది. కరెంటు లేని ఆ రోజుల్లో పక్కింటివాళ్ళ బావే మా నీళ్ళు. తుపాను ఊళ్ళలో ఉండేవాళ్ళం గనక ఇల్లు చూసేటప్పుడు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

స్కూలు: పెద్ద ఇంగ్లీషు మీడియం బడులు కొన్ని ఊరి బయట ఉన్నాయి, బస్సులు నడుపుతాయి. పాప చిన్నది గనక కొన్నేళ్ళు నడిచి వెళ్ళే బడి చూస్తే మంచిదని నా అభిప్రాయం.

ఊరు దాటే ప్రయాణాలకి కారు అవసరమే రాలేదు. విశాఖకి రైల్లో నాలుగు నాలుగున్నర గంటలు. 2024 మార్చి నుంచి భువనేశ్వర్–విశాఖ వందేభారత్ కూడా ఇక్కడ ఆగుతోంది. సంక్రాంతికి వెళ్ళాలంటే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఇదివరకటిలా 120 కాదు, ఆ తేదీ రాసిపెట్టుకోండి. గోపాలపూర్ సముద్రం పదిహేను పదహారు కిలోమీటర్లు, ఆటో మాట్లాడుకుంటే చాలు. తారాతారిణి కొండకో, తప్తపాణి వేడినీళ్ళ బుగ్గకో అందరం కలిసి వెళ్ళాలంటే అద్దె కారు పిలుస్తాం. ఏడాదంతా కలిపినా ఆ అద్దె సొంత కారు బీమాకీ సర్వీసింగుకీ పెట్టే దానికంటే తక్కువే అవుతుంది.

ఇక మీ కారు. వెంటనే అమ్మకండి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలకి మించి ఉంటే అక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించాలి. మీ ఏపీ బండికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని, ఇక్కడ ఒడిశా పన్ను కట్టి, ఓడీ 07 నంబరు వేయించుకోవాలి. అక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలింది వాపసు అడగాలి. రాష్ట్రం మారినా చెల్లే బీహెచ్ (భారత్ సిరీస్) నంబరు ఉంటే ఈ తిప్పలు ఉండవు. అంత శ్రమ పడేముందు బండిని విశాఖలో మీ తమ్ముడుగారి దగ్గరో ఎవరి దగ్గరో ఉంచి, మీరు రైల్లో రండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం కారు లేకుండా గడపండి. అప్పటికీ కావాలనిపిస్తే తెచ్చుకోవచ్చు, లేదంటే అక్కడే అమ్మేయొచ్చు.

ఇల్లు చూడటానికి ఈసారి ఒక్కరే రాకండి, అమ్మగారిని కూడా తీసుకురండి. దీపాలు పెట్టే వేళకి రండి, ఏ వీధిలో వెలుతురు ఉందో ఎక్కడ లేదో తెలుస్తుంది. ఆవిణ్ణి గుమ్మం నుంచి మందుల షాపు దాకా తన పద్ధతిలో నడవనివ్వండి. ఆవిడ కుదరదంటే నా మాట పక్కన పెట్టండి. ఏ రోజు వస్తున్నారో కింద రాస్తే ఖాళీగా ఉన్న మరో రెండు ఇళ్ళు కనుక్కుని ఉంచుతాను.