అరకు గురించి నెట్‌లో ఏది నమ్మాలి?

ప్రశ్న: డిసెంబర్ చివర్లో పిల్లలతో మూడు రోజులు అరకు వెళ్దామనుకుంటున్నాం. నెట్‌లో ఒకరు ఇరవై అయిదు చోట్లు చూడాలంటారు, ఇంకొకరు ఒక్క పూటలో అయిపోతుందంటారు. మా బాబేమో లంబసింగిలో మంచులో ఆడుకోవాలని పట్టుబట్టాడు. రూముకి అడ్వాన్స్ కట్టమని ఒక నంబర్ నుంచి ఒకటే ఫోన్లు. టెన్షన్‌గా ఉంది, ఏది నమ్మాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు బాబుకి నిజం చెప్పేయండి. కాశ్మీర్‌లో పడ్డట్టు లంబసింగిలో మంచు పడదు. తప్పు కొంత మన భాషది కూడా, తెల్లారుజామున కమ్ముకునేదీ మంచే, గడ్డి మీద బొట్టూ మంచే, హిమాలయాల్లో గుట్టలుగా పడేదీ మంచే. 'మంచు కురుస్తుంది' అని ఒకరు రాస్తే ఇంకొకరి దగ్గర అది స్నోఫాల్ అవుతుంది, మూడోవాడు ఎక్కడిదో తెల్లకొండ ఫొటో తగిలిస్తాడు. చలి మాత్రం నిజమే, స్వెట్టర్లు మర్చిపోవద్దు. అక్కడి పొగమంచు చూడాలంటే తెల్లారేసరికి అక్కడుండాలి. అరకులో పడుకుని పొద్దున్నే వెళ్లొద్దామంటే కుదిరే దూరం కాదు, దారంతా ఘాట్ రోడ్డు. ఒక రాత్రి చింతపల్లి వైపు ఉండేట్టయితేనే పెట్టుకోండి, లేకపోతే ఈసారికి వదిలేయండి.

ఇక నమ్మకం సంగతి. నేనైతే ఏ పేజీలోనైనా ముందు తేదీ వెతుకుతాను. తేదీ వేయకపోయినా వయసు బయటపడుతుంది. అరకు విశాఖ జిల్లాలో ఉందని రాశారంటే అది 2022 ఏప్రిల్‌కి ముందుదైనా అయ్యుండాలి, పాతదాన్ని చూసి దించిందైనా అయ్యుండాలి, ఎందుకంటే ఇప్పుడది పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా. రైలు టికెట్ 120 రోజుల ముందే తీసుకోవచ్చన్నా అంతే, 2024 నవంబర్ నుంచి అది 60 రోజులే. (అరకు రైల్లో అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్, కావాలంటే బుకింగ్ తెరిచిన రోజే చూసుకోండి.)

బొర్రా గుహలది ఇంకా తమాషా. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఆయన కనిపెట్టాడని ఎన్నో చోట్ల రాస్తారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో! గుహ చూడ్డానికి దీంతో వచ్చిన నష్టమేం లేదు గానీ, ఒకరిది ఒకరు చూసి రాసుకుంటున్నారని తెలిసిపోయాక, ఆ పేజీలో ఉన్న టికెట్ ధర, టైమింగ్స్ నేను లెక్కలోకి తీసుకోను.

ఫొటోలకి నేనూ బోల్తా పడ్డాను. పసుపు పచ్చటి వలిసె పూల పొలాలు చూసి మార్చిలో వెళ్తే దున్నిన నేల కనిపించింది. అవి పూసేది శీతాకాలం మొదట్లో, మీరు వెళ్లే డిసెంబర్ చివరికి చాలా పొలాల్లో అయిపోయి ఉండొచ్చు. అందుకే గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోటు తెరిచి, రివ్యూలు కొత్తవి ముందు వచ్చేట్టు పెట్టుకుని, ఈ నెలలో మామూలు జనం తీసిన మసక ఫొటోలు చూడండి. అయిదు స్టార్లిచ్చి 'సూపర్' అన్నవాళ్ల వల్ల మనకొచ్చేదేమీ లేదు, మూడు స్టార్లిచ్చి సణిగినవాళ్లే బాత్రూమ్ ఎలా ఉందో, కారు ఎక్కడ ఆపాలో, పెద్దవాళ్లు ఆ మెట్లు దిగగలరో లేదో చెప్తారు. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు కనపడలేదని తిట్టినవాళ్ల రివ్యూలూ చదవండి, రోజూ కనపడవని తెలుస్తుంది.

ఆ ఫోన్ నంబర్‌కి రూపాయి కూడా పంపొద్దు. పర్యాటక శాఖ హరిత హోటల్ అయితే సైటు చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి, అది ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. ప్రైవేటుదైతే మీరే నంబర్ వెతికి ఫోన్ చేయండి, ఎవరిదో సొంత పేరు మీదున్న యూపీఐకి కట్టమంటే ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే కట్టేసి ఉంటే మాత్రం ఇది చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: యూట్యూబ్‌లో రిసార్టుల వీడియోలు నిజమేనా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: గది నిజమే, పొగడ్తల సంగతే చెప్పలేం. వీడియో మొదట్లో మూలన ప్రమోషన్ అని చిన్న అక్షరాలు వస్తాయేమో చూడండి. రాకపోయినా, బిల్లు ఎంతయిందో ఎక్కడా చెప్పలేదంటే నాకు అనుమానమే.